ఖాళీ అయిన పేరు

1979 సెప్టెంబర్ 11, మంగళవారం

ఫ్రాంక్ ఆష్‌వర్త్ పోయాడు. పొద్దున టోస్టు తింటూ మా నటుల వారపత్రికలో చూశాను. మూడే వాక్యాలు. లీడ్స్‌లో, డెబ్భై ఎనిమిదేళ్ళకి, నిద్రలో. క్రిస్మస్ నాటకాల్లో మంచి పేరున్నవాడని రాశారు. ఆ పేరు ఇద్దరు దూరి ఆడించే ఆవు వేషంలో వెనక కాళ్ళకి వచ్చిందని మాత్రం రాయలేదు.

ఆయన్ని నేను ఎన్నడూ కలవలేదు. కానీ నలభై అయిదేళ్ళుగా ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. ఎందుకంటే నా అసలు పేరు కూడా ఫ్రాంక్ ఆష్‌వర్తే. మా అమ్మానాన్నలు పెట్టిన పేరు, బర్న్‌లీలో చాపెల్ అనే మా చిన్న చర్చి రిజిస్టర్‌లో ఉన్న పేరు. 1934లో నటుల సంఘంలో చేరబోతే, ఆ పేరుతో ఒకడు ముందే ఉన్నాడన్నారు. ఒకే పేరుతో ఇద్దరు నటులు ఉండకూడదని సంఘం నియమం. అప్పటినుంచీ నేను ఆబ్రీ టాస్కర్‌ని. టాస్కర్ అన్నది ఆ వారం మా వీధిలో ఆగిన సామాన్ల వ్యాను మీది పేరు. ఆబ్రీ ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తు లేదు. చెప్పుకోడానికి మొహమాటపడే చోటు నుంచే వచ్చి ఉంటుంది.

మధ్యాహ్నం నా ఏజెంట్ మోనికా ఫోన్ చేసింది. ఒక నాటకం ఉంది డార్లింగ్, పాత చాపెల్‌ని థియేటర్‌గా మార్చారట, మిల్లుల కథ, ఉత్తరాది ముసలివాళ్ళు కావాలట, నువ్వు ఆ వైపు వాడివే కదూ అంది. ఏ ఊరు అన్నాను. బర్న్‌లీ అంది.

ఆ వైపు వాణ్ణే. అది బయటపడకుండా ఉండడానికే సగం జీవితం ఖర్చుపెట్టాను.

సెప్టెంబర్ 12

ఆ పేరు ఇప్పుడు ఖాళీ.

సెప్టెంబర్ 15, శనివారం

బస్సులో ఒకావిడ రెండు స్టాపుల దూరం నా మొహంకేసే చూసి, మీరు మా బ్రెండా పెళ్ళికి వచ్చారు కదండీ అంది. రాలేదన్నాను. అయితే బ్యాంకులో పనిచేస్తారా అంది. ఒకసారి చేశాను, టెలివిజన్‌లో, పదకొండు నిమిషాలు. అది చెబితే ఆవిడ ఇంకా తికమక పడుతుందని, అవునన్నాను. నాకు తెలుసులెండి, ఒకసారి చూసిన మొహం నేను మర్చిపోను అంది సంతోషంగా.

నా బతుకంతా ఇదే. మొహం అందరికీ తెలుసు, మనిషి ఎవరికీ తెలియడు. పోలీసు సార్జెంటునై నలభై మందికి పైగా అరెస్టు చేశాను. బట్లర్‌నై పెద్ద పెద్ద వాళ్ళకు తలుపులు తీశాను. చర్చి పాస్టర్‌గా ఒక హీరోయిన్‌కి పెళ్ళి చేసి, అదే సినిమాలో గంట తిరక్కుండా పాతిపెట్టాను. యుద్ధంలో సైనికుల కోసం లారీ మీద హాస్యనాటకాలు ఆడాను. వాన. ఎవరూ నవ్వలేదు. ఒక టీవీ సీరియల్‌లో మంచి పార్టే దొరికింది కానీ మూడో వారం నన్ను నిచ్చెన మీంచి తోసేశారు. బ్రిస్టల్‌లో ఒక విమర్శకుడు నన్ను నమ్మకమైన నటుడు అన్నాడు. నా భార్య జాయిస్ ఆ మాట విని, కుక్కని కూడా అలాగే అంటారు అంది. జాయిస్ పోయి ఎనిమిదేళ్ళు. ఆమె నన్ను చివరిదాకా ఆబ్రీ అనే పిలిచింది.

రాయడానికి కూర్చున్నాను కనుక ఇదీ రాసేస్తాను. సంఘం నన్ను పేరంతా మార్చుకోమనలేదు. వాళ్ళ ఉత్తరంలో ఉన్నది వేరు. మధ్యలో ఇంకో పేరు చేర్చుకున్నా సరిపోతుందని రాశారు. నాకు మధ్య పేరు ఉంది కూడా. జోసెఫ్. అది మా నాన్న పేరు. ఫ్రాంక్ జోసెఫ్ ఆష్‌వర్త్ అని పెట్టుకుంటే అయిపోయేది. పెట్టుకోలేదు. ఆ ఉత్తరం చింపేశాను.

ఎందుకంటే నాకు సిగ్గు. నాన్న టాక్లర్. నేతమిల్లులో మగ్గాలు చెడిపోతే బాగుచేసేవాడిని టాక్లర్ అంటారు. మా లాంకషైర్‌లో బుద్ధితక్కువ జోకులన్నీ టాక్లర్ల మీదే. గోడ గడియారాన్ని కిందికి దింపి, టైమ్ చూసి, మళ్ళీ పైకి ఎక్కించేవాడు టాక్లర్. ఇలాంటివి వందలున్నాయి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, లండన్‌లో ఉచ్చారణ నేర్చుకుంటున్నాను. ఆష్‌వర్త్ అంటే నా ముక్కుకి మిల్లు నూనె వాసన కొట్టేది.

1937 ఆగస్టులో బ్లాక్‌పూల్‌లో ఆడుతున్నాను. సెలవులకి మిల్లులు మూసే వారం అది. మా వీధి వీధంతా సముద్రం చూడ్డానికి వచ్చి, పనిలో పనిగా నన్నూ చూడ్డానికి వచ్చింది. పోస్టర్ మీద ఆబ్రీ టాస్కర్. ఆట అయ్యాక వెనక తలుపు దగ్గరికి వచ్చాడు నాన్న, టోపీ చేత్తో పట్టుకుని, వెనక పదిహేను మంది. మన ఇంటిపేరు ఏమైందిరా అని ఆయన అడగకముందే నేను అందుకున్నాను. సంఘం ఒప్పుకోలేదు నాన్నా, మార్చాల్సిందేనన్నారు అన్నాను. నాన్న తలూపి, వెనక ఉన్నవాళ్ళ వైపు తిరిగి, చెప్పానా అన్నాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. 1951లో పోయాడు. ఆ అబద్ధం అలాగే ఉంది.

ఇన్నాళ్ళూ ఆ రెండో ఫ్రాంక్ ఆష్‌వర్త్ బతికి ఉన్నాడన్న ధైర్యం ఒకటుండేది. ఇప్పుడు అదీ పోయింది.

సెప్టెంబర్ 18

మోనికాని అడిగాను, పేరు మార్చుకుంటే ఎలా ఉంటుందని. ఈ వయసులోనా అంది. టాస్కర్ అంటే కనీసం ఎనిమిదిమందికి తెలుసు డార్లింగ్, ఆష్‌వర్త్ అని ఎవరికి చెప్పను, అరవై తొమ్మిదేళ్ళ కొత్త కుర్రాడు దొరికాడు అని చెప్పనా అంది. ఆమె మాట నిజమే. నాకు మిగిలిన పని అంతా ఆ ఎనిమిది మంది దగ్గరే ఉంది. పని లేకపోతే నేను పొద్దున్నే ఏ మొహం పెట్టుకుని లేవాలో నాకు తెలియదు.

సెప్టెంబర్ 24, సోమవారం. బర్న్‌లీ

మా అక్క నెల్లీ ఇంట్లో దిగాను. తలుపు తీస్తూనే, ఏరా ఫ్రాంక్, లండన్‌లో తిండి దొరకదా, ఎముకలకి కోటు తొడిగినట్టున్నావు అంది వీధంతా వినబడేలా. నెల్లీకి డెబ్భై అయిదు. ముప్పై ఎనిమిదేళ్ళు మగ్గాల మధ్య పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చింది. ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఆమెకు తెలియదు.

చెవులతో పనేముంది వాళ్ళకి. మూడు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పిడుగు పడ్డా వినబడదు. అందుకని నేతపని వాళ్ళు గొంతు వాడరు, పెదవులతో మాట్లాడుకుంటారు. ప్రతి మాటా నోరంతా సాగదీసి, కనుబొమలు కూడా కలిపి. మావాళ్ళు దాన్ని మీ-మా అంటారు. మిల్లు మూతపడి ఎన్నో ఏళ్ళయినా నెల్లీకీ ఎదురింటి మిసెస్ పిలింగ్‌కీ ఇప్పటికీ అదే అలవాటు. ఇక్కడి కిటికీలోంచి ఆమె, అక్కడి కిటికీలోంచి ఈమె, మధ్యలో రోడ్డు, ఒక్క శబ్దం ఉండదు. ఎవరికి గర్భసంచి తీసేశారో ఆ వీధికంతా అలాగే తెలుస్తుంది.

రాత్రి భోజనానికి మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె చేసింది. మిసెస్ పిలింగ్ కూడా వచ్చింది. ఈయన మీ తమ్ముడైతే టాస్కర్ ఏమిటి అంది ఆవిడ. నెల్లీ ఫోర్కు కింద పెట్టి, ఆ లండన్ సంఘం వాళ్ళు మా ఇంటిపేరు గుంజుకున్నారమ్మా, పాపం పిల్లవాడు ఏం చేస్తాడు అంది. నలభై ఏళ్ళుగా అడిగిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతోంది. నేను ఇంకో ముక్క వడ్డించుకున్నాను.

సెప్టెంబర్ 26

రిహార్సల్. డైరెక్టర్ పేరు గైల్స్. ముప్పై ఏళ్ళుంటాయి, పొడుగాటి స్కార్ఫు, కేంబ్రిడ్జి చదువు. మిల్లు అన్న మాటని దేవుడి పేరులా పలుకుతాడు. 1912లో యజమానులు మిల్లులకి తాళాలు వేసి పనివాళ్ళని బయట నిలబెట్టిన కథ. మనుషులు తక్కువ కనుక నాకు రెండు వేషాలు. మొదటి రెండు అంకాల్లో మీసాలున్న సార్జెంటుని. చివరి అంకంలో ఒక ముసలి టాక్లర్‌ని, ఒకే ఒక్క సీను. మేరీ అనే నేతపని ఆవిడ భర్త విలియం కాలువలో మునిగి పోతాడు. మగ్గాలు ఆడుతుండగా ఆ వార్త ఆమెకు చెప్పేది ఈ టాక్లర్. మూడు వాక్యాలు.

ఆ మూడు వాక్యాల్నీ మగ్గాల రొద టేపు పెట్టి, దాన్ని మించి గట్టిగా అరవమన్నాడు గైల్స్. అరిచాను. ఇంకా గట్టిగా అన్నాడు. ఇంకా అరిచాను. దగ్గొచ్చింది.

సెప్టెంబర్ 30, ఆదివారం

ఇవాళ నెల్లీకి చెప్పేద్దామనుకున్నాను. మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి ఆమె గిన్నెలు కడుగుతూ వీపు తిప్పి ఉంది. రెండోసారి మొదలుపెట్టగానే, టీ చల్లారిపోతోంది తాగు అంది. మూడోసారి అన్నీ కుదిరాయి. ఎదురుగా కూర్చుంది, నా మొహంకేసే చూస్తోంది. అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఆమె ముందు నిక్కరు వేసుకున్న పిల్లాడినైపోయాను. ఒకళ్ళు రాసిచ్చిన మాటలైతే వెయ్యిమంది ముందు చెబుతాను. నా మాట నేను చెప్పడం నాకు చేతకాదు. చివరికి, పార్కిన్ కేకు బాగుంది అన్నాను.

నీ నోరు ఎప్పుడూ అంతే అంది నెల్లీ. ఏమన్నావో తెలియదు. నీ నాటకాలు ముప్పై చూశాను, ఒక్క ముక్క అర్థం కాలేదురా. చిన్నప్పుడు నువ్వు మాట్లాడితే వీధి చివరి నుంచి చదివేదాన్ని. లండన్ వెళ్ళాక నీ పెదాలు కుట్టేశారు. నేను ఆడవాళ్ళ టోపీలు చూడ్డానికి వస్తున్నాను అంది.

నిజమే. ఉచ్చారణ మాస్టారు మొదటిరోజే నా మొహం రబ్బరులా సాగుతోందన్నాడు. ఆరునెలలు అద్దం ముందు నిలబెట్టి, పెదవి కదలకుండా మాట్లాడ్డం నేర్పాడు. మొహం కదలనివాడు పెద్దమనిషిలా కనిపిస్తాడట. దానితోనే బట్లర్ వేషాలు వచ్చాయి. ముప్పై నాటకాలకు బస్సెక్కి వచ్చిన మా అక్కకు ఒక్క మాటా అందలేదు.

అక్టోబర్ 2

గైల్స్‌తో చెప్పాను, మగ్గాల దగ్గర ఎవరూ అరవరు, అరిస్తే లాభం లేదు, పెదవులతో మాట్లాడుకుంటారు అని. అయితే ప్రేక్షకులకు ఎలా తెలుస్తుంది అన్నాడు. మేరీ మొహం చూస్తే తెలుస్తుంది అన్నాను. ఒకసారి చెయ్యి అన్నాడు విసుగ్గా. మగ్గాల టేపు వేశారు. నేను నాన్న నిలబడే తీరులో, మగ్గం మీద ఒక చెయ్యి ఆనించి, ఆ మూడు వాక్యాలూ శబ్దం లేకుండా చెప్పాను. యాభై ఏళ్ళ తర్వాత నా మొహం దాని ఇష్టం వచ్చినట్టు సాగింది. బుగ్గలు నొప్పెట్టాయి.

మేరీ వేషం వేసే ఫిలిప్పా దక్షిణాది పిల్ల. మీ-మా ఒక్క ముక్క రాదు. నాకేం తెలియలేదు ఆబ్రీ, కానీ ఒళ్ళు జలదరించింది అంది. గైల్స్ స్కార్ఫు తీసేశాడు. అలాగే ఉంచుదాం అన్నాడు. ఎలాగూ ఎవరికీ వినబడదు కాబట్టి, నువ్వు పెదవులతో ఏమన్నా అను డార్లింగ్, చివర ఒకసారి తలూపు చాలు, ఫిలిప్పా అప్పుడు కూలబడుతుంది అన్నాడు.

అక్టోబర్ 4

ఆఫీసావిడ ప్రోగ్రామ్ పుస్తకం అచ్చుకి పంపుతోంది. ఒక నటుడు రెండు వేషాలు వేస్తే, రెండోదానికి ఎవరిదో ఉత్తుత్తి పేరు వెయ్యడం మా వృత్తిలో పాత ఆచారం. మనుషులు చాల్లేదని జనానికి తెలియకూడదు కదా. టాక్లర్‌కి ఏం పేరు వెయ్యమంటారు, ఏదో ఒకటి చెప్పండి అంది పెన్సిల్ పట్టుకుని.

ఫ్రాంక్ ఆష్‌వర్త్ అన్నాను.

నోటి నుంచి వచ్చేసింది. భలే, నిజం పేరులాగే ఉంది అంది ఆవిడ.

అక్టోబర్ 9

ప్రోగ్రామ్ వచ్చింది. పోలీసు సార్జెంట్: ఆబ్రీ టాస్కర్. ముసలి టాక్లర్: ఫ్రాంక్ ఆష్‌వర్త్. నా పేరు మొట్టమొదటిసారి అచ్చులో చూసుకున్నాను, అదీ దొంగపేరుగా. నవ్వు రావాలి. బాత్రూమ్‌లోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను.

ఇంటికి తేలేదు. నెల్లీ ఎలాగూ వచ్చే బుధవారం మధ్యాహ్నం ఆటకి వస్తోంది. పింఛనుదార్లకి ప్రత్యేకం అది. నేతపని వాళ్ళ క్లబ్బు నుంచి పన్నెండుమంది, మూడో వరస మొత్తం. అప్పుడు చూస్తుంది. చూసి అడుగుతుంది, ఇప్పుడు పేరు ఎలా వేశారురా, సంఘం ఒప్పుకుందా అని. ఏం చెప్పాలి? ఇంకో అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పాలి. వారం రోజులుంది.

అక్టోబర్ 16, మంగళవారం

మొదటి ఆట అయింది. ఒకరిద్దరు దగ్గారు, చప్పట్లు బాగానే కొట్టారు. సార్జెంటు మీసం రెండో అంకంలో ఒక పక్క ఊడింది. టాక్లర్ సీనులో మాత్రం ఆ దగ్గులు కూడా ఆగాయి.

అక్టోబర్ 17, బుధవారం. సాయంత్రం అయిదు

ఆట మధ్యాహ్నం రెండున్నరకి. ఇప్పుడే మేకప్ తుడుచుకున్నాను.

మూడో వరసలో పన్నెండు టోపీలు. మధ్యలో నెల్లీ. చాపెల్ చిన్నది, స్టేజీ దీపాల వెలుగు ముందు నాలుగు వరసల మీద పడుతుంది, అందరూ కనిపిస్తారు. మొదటి రెండు అంకాలూ వాళ్ళు పిప్పర్‌మింట్లు పంచుకుంటూ గడిపారు. సార్జెంటు మాటలు ఒక్కటీ అందలేదని మొహాలే చెబుతున్నాయి.

చివరి అంకం. మగ్గాల టేపు మొదలైంది. ఆ మోత వినబడకపోయినా కాళ్ళ కింద చెక్క అదరడం తెలిసిందేమో, ఆ పన్నెండు మందీ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. నేను మగ్గం వెనక నిలబడ్డాను. మేరీ నా వైపు తిరిగింది. మూడు వాక్యాలు చెప్పాలి.

చెప్పలేదు. నలభై అయిదేళ్ళలో మొదటిసారి రచయిత రాసినదాన్ని పక్కన పెట్టాను. మూడో వరసకేసి చూసి, నోరంతా తెరిచి, నెల్లీ అన్నాను. పేరు సంఘం తీసుకోలేదు. నేనే వదిలేశాను. మధ్యలో జోసెఫ్ అని చేర్చుకుంటే చాలన్నారు. నాకు మనమంటే సిగ్గేసింది. నాన్నకి అబద్ధం చెప్పాను.

గొంతు వాడలేదు. వెనక వరసలవాళ్ళకి ఒక ముసలాయన చావు కబురు చెబుతున్నాడు, అంతే. మూడో వరసలో టోపీలన్నీ గిర్రున నెల్లీ వైపు తిరిగాయి. మిసెస్ పిలింగ్, చెవులు వినబడనివాళ్ళు మాట్లాడేటట్టు, జోసెఫ్ ఎవడు, మునిగిపోయింది విలియం కదా అంది చాపెల్ అంతా వినబడేలా.

నెల్లీ కదల్లేదు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని నాకేసే చూస్తోంది. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. అంత దూరం నుంచి కూడా తేటగా చదివాను.

తెలుసురా. నాన్నకీ తెలుసు.

నేను తలూపాలన్న సంగతే మర్చిపోయాను. ఫిలిప్పా నాకేసి గుడ్లప్పగించి చూస్తోంది. ఎంతసేపో. చివరికి ఆ పిల్లే తెలివి తెచ్చుకుని కూలబడింది. నేను కూడా మగ్గం పట్టుకుని అలాగే కిందికి జారాను. ఏడ్చాను. తెర పడింది. అద్భుతం ఆబ్రీ, రేపటినుంచి అలాగే పడిపో అన్నాడు గైల్స్.

అక్టోబర్ 18, గురువారం. పొద్దున

నిన్న రాత్రి నేను వచ్చేసరికి నెల్లీ పడుకుంది. పొద్దున గుడ్లు వేయిస్తూ చెప్పింది. ఈసారి గొంతు వాడలేదు. వీధంతా వినకూడదని కాబోలు.

1934లో నేను సంఘానికి ఇచ్చిన చిరునామా బర్న్‌లీది. లండన్‌లో నాకు నిలకడైన గది లేదు. ఉత్తరం ముందు ఇక్కడికే వచ్చింది. నాన్న తెరవమన్నాడు. నెల్లీ కెటిల్ ఆవిరి పట్టి తెరిచి, భోజనం బల్ల దగ్గర పైకి చదివింది. ఇంకో ఫ్రాంక్ ఆష్‌వర్త్ ఉన్నాడని, మధ్య పేరు చేర్చుకోవచ్చని. నాన్న మళ్ళీ చదవమన్నాడట. చదివింది. అయితే జోసెఫ్ కూడా వస్తుందన్నమాట పోస్టర్ మీదకి అన్నాడట. కవరు మళ్ళీ అంటించి నాకు పంపేశారు.

ఆ మర్నాడు మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. మావాడు నా పేరు కూడా పెట్టుకుంటున్నాడు, లండన్‌లో గోడలమీద టాక్లర్ పేరు పడుతుంది, ఇక మీ జోకులు కట్టిపెట్టండి అని. మూడేళ్ళు చెప్పుకున్నాడు. అందుకే బ్లాక్‌పూల్‌కి వీధి వీధంతా వచ్చింది. నన్ను చూడ్డానికి కాదు. ఆ పోస్టర్ చూడ్డానికి.

పోస్టర్ ముందు నిలబడి జనం నవ్వడం మొదలుపెట్టారట. ఏం జోసెఫ్, నీ పేరు ఏదీ, గడియారంతో పాటు కిందికి దింపావా అని. నాన్న టోపీ తీసి, ఆ సంఘం వాళ్ళు ఆఖరి నిమిషంలో ఒప్పుకోలేదర్రా, పిల్లవాడు ఎంతో బతిమాలాడు అన్నాడట.

అంటే నేను వెనక తలుపు తీసుకుని వచ్చేసరికే నాన్న నా అబద్ధాన్ని నాకంటే ముందు చెప్పేసి ఉన్నాడు. నేను కూడా అదే చెప్పేసరికి, చెప్పానా అన్నాడు.

నాన్న ఏమన్నా అన్నాడా తర్వాత, నా గురించి అని నెల్లీని అడిగాను. ఏమీ అనలేదు అంది. ఇంటికొచ్చే రైల్లో ఒకటే అన్నాడు, వాడు బాగా చేశాడు కదే అని.

గుడ్లు మాడిపోయాయి. ఇద్దరం అలాగే తిన్నాం.

అక్టోబర్ 19, శుక్రవారం

ఊరి పత్రికలో సమీక్ష వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సార్జెంటుగా ఆబ్రీ టాస్కర్ ఎప్పటిలాగే నమ్మకమైన నటన చూపారు. ఈ ప్రదర్శనలో కొత్తగా దొరికిన మాణిక్యం మాత్రం ముసలి టాక్లర్ వేషం వేసిన కొత్త నటుడు శ్రీ ఫ్రాంక్ ఆష్‌వర్త్. ఒక్క మాట పలక్కుండా ఆయన చేసింది ఇక్కడి మిల్లులు ఎరిగినవాళ్ళు మాత్రమే చెయ్యగలరు. శ్రీ టాస్కర్ వంటి అనుభవజ్ఞులు ఆయన నుంచి నేర్చుకోవలసింది ఉంది.

నెల్లీ కత్తిరించి, మిసెస్ పిలింగ్‌కి చూపించడానికి మా కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. అద్దానికి అదిమి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

అక్టోబర్ 23

మోనికా ఫోన్. థియేటర్ ఆఫీసుకి చేసింది. టెలివిజన్ వాళ్ళు ఎవరో శనివారం ఆట చూశారట. ఆ ఆష్‌వర్త్ అనే ముసలాయన కావాలంటున్నారు డార్లింగ్, ఆరు వారాల సీరియల్, పెద్ద పార్టు, ఎవరాయన, ఏజెంట్ ఎవరైనా ఉన్నారా, నీకు పరిచయమా అంది.

కొంచెం పరిచయం అన్నాను. ఆయన ఏజెంట్ నువ్వే అన్నాను. తర్వాత మోనికా నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. ఆపాక, సరే, అయితే సంఘం నుంచి ఫారం తెప్పించు అంది.

నవంబర్ 2, శుక్రవారం

ఫారం నింపి పంపిన నాలుగో రోజు సంఘం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఫ్రాంక్ ఆష్‌వర్త్ అన్న పేరు ఇప్పుడు ఖాళీగానే ఉందండీ, మధ్యలో జోసెఫ్ అవసరం లేదు అంది.

అవసరమే అన్నాను.